ఓరుగల్లు చివరి రాజు ప్రతాపరుద్రుడు

నల్లగొండ జిల్లాలో నకిరేకల్లుకు దాపున చందుపట్ల యను గ్రామమున్నది. ఆ ఊరిలో ఒక రాతి శాసనము కలదు. 1289వ సంవత్సరము నవంబరు 27వ తేదీన పువ్వుల ముమ్మడి యను ఒక సేవకుడు దానిని వేయించెను. కాకతి రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును గతించిరనియు, వారి పుణ్యము కొరకు తాను భూమి దానము చేసెననియు అందులో ఉన్నది. ఓరుగల్లు నుండి ఏలిన ఆ గొప్ప రాణి ఎప్పుడు పోయెనో మనకు తెలిపినది రాజులు వేయించిన శాసనము కాదు. మన పల్లెలో ఒక సేవకుడు నాటించిన రాయి.

ఆమె వెనుక ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు రాజయ్యెను. ముప్పది నాలుగేండ్ల పిమ్మట అతడు బందీగా ఢిల్లీ త్రోవ పట్టెను. చదువరులారా, ఈ మాసము ఆ రాజు జీవితమును మీ ముందుంచదలచితిమి. ఓరుగల్లు 1323లో కూలెనని మన పిల్లలు బడిలో తేదీతో సహా ఒప్పజెప్పుదురు. కాని కూలిన దినము వేరు, కూలుట మొదలైన దినము వేరు. చెరువు కట్ట ఏ రాత్రి తెగెనో ఊరంతకు తెలియును. ఎలుక బొరియ తవ్విన దినము మాత్రము ఎవరును వ్రాసి పెట్టుకొనరు. మేము వెదకుచున్నది ఆ బొరియను.

ప్రతాపరుద్రుని తల్లి ముమ్మడమ్మ, తండ్రి మహాదేవుడు. రుద్రమదేవికి కుమారులు లేరు గనుక ఆమె తన కుమార్తె కొడుకును తెచ్చుకొని కన్నకొడుకువలె పెంచి, రాజ్యమునకు వారసునిగా చేసి, యుద్ధములందు తన ప్రక్కనుంచుకొని పని నేర్పెను. అతని చేతికి వచ్చిన రాజ్యము చిన్నది కాదు. 1163 నాటికే రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనములో తాను ఎవరికిని లోబడినవాడను కానని చాటెను. గణపతిదేవుడు అరువదేండ్లకు పైగా ఏలి సముద్రతీరము వరకు రాజ్యమును పెంచెను. 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన వర్తకుని సొమ్మును ఇకమీదట రాజు అపహరింపడని మాట ఇచ్చెను. రాజులలో ఇట్టి మాట ఇచ్చినవారు తక్కువ, అందుచేతనే పరదేశముల ఓడలు ధైర్యముగా వచ్చెను.

మన మెట్టభూములలో ఆ కాలపు గుర్తులు నేటికిని కంటికి కనబడుచున్నవి. సూర్యాపేట దగ్గరి పిల్లలమఱ్ఱి గుళ్ళను, చెరువులను రేచర్ల రెడ్లు కట్టించిరి. పానగల్లు ఉదయసముద్రము కందూరు చోళులు త్రవ్వించినది. నల్లమల అడవిలో అమ్రాబాదు వైపు ప్రతాపరుద్రుని కోటయని ఈనాటికిని జనులు చెప్పుకొను పాడుకోట ఉన్నది. వాన సరిగా కురియని ఈ నేలలో జనము నిలిచినదనగా ఆ చెరువుల వలననే. రాజు ధనమంతయు చివరకు ఆ చెరువుల క్రింది మళ్ళ నుండి రావలసినదే. ఈ సంగతి చదువరులు మరువకుందురు గాక. ముందు దీనితో పనియున్నది.

సింహాసనమెక్కిన వెంటనే ప్రతాపరుద్రుడు ఇల్లు చక్కబెట్టుకొనవలసి వచ్చెను. కాయస్థ అంబదేవుడను సామంతుడు తిరుగబడి త్రిపురాంతకము మొదలుకొని దక్షిణమంతయు ఆక్రమించియుండెను. అతనితోడి పోరులోనే రుద్రమదేవి గతించెనని చరిత్రకారుల తలంపు. 1291 ప్రాంతమున ప్రతాపరుద్రుని సేనానులు అతనిని త్రిపురాంతకము నుండి వెళ్ళగొట్టిరి. తరువాత పడమటి దిక్కు. అక్కడ మన పాలమూరు వాని పేరు వినబడుచున్నది. వర్ధమానపురము, అనగా నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను ప్రభువు గోన విఠలుడు దండెత్తి, ఆదవాని మొదలగు కోటలను పట్టి, రాయచూరు చేరి 1294లో అక్కడ రాతికోట కట్టించెను. ఆ కోటగోడలో 40 అడుగులకు మించిన ఒకే రాతి మీద ఈ సంగతి చెక్కించెను. ఆ బండను ఎట్లు లాగించిరో ఆ బొమ్మను కూడ చెక్కించిరి. చూచిన వారికి ఆ నాటి బలము అర్థమగును.

ఈ బలము నాయకులది. రాజు ఒక్కొక్క నాయకునికి కొన్ని ఊళ్ళు ఇచ్చును. నాయకుడు ఆ ఊళ్ళ ఆదాయముతో ఇంత కాల్బలమును, ఇన్ని గుఱ్ఱములను పోషించి, పిలిచినప్పుడు తేవలెను. డెబ్బది ఏడుగురు నాయకులు ఓరుగల్లు బురుజులను ఒక్కొక్కరొకటి చొప్పున కాచిరని తరువాతి వారు చెప్పుకొనిరి. నిలిచియున్న రాతికోటకు 45 బురుజులే ఉన్నవి గనుక లెక్కను మేము పట్టుకొనము, పద్ధతి మాత్రము నిజమే. ఈ పద్ధతిలో పెద్ద వంశముల పిల్లలే గాక, పేరులేని ఇళ్ళలో పుట్టిన శూరులును పైకి వచ్చిరి. అది మంచిదే. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఊళ్ళు నాయకుల చేతిలో ఉన్నప్పుడు, హఠాత్తుగా పెద్ద సొమ్ము కావలసివచ్చిన రాజు దేనిని ముట్టుకొనగలడు? తన బొక్కసమును, తన ఏనుగులను, తన గుఱ్ఱములను.

ఆ అవసరము ఉత్తరము నుండి వచ్చెను. 1296లో అల్లావుద్దీన్ ఖిల్జీ దేవగిరిని కొట్టి అంతులేని ధనముతో మరలిపోయి ఢిల్లీకి సుల్తానయ్యెను. దక్కనులో బంగారమున్నదని, తెచ్చుకొనుట సుళువని అతనికి అప్పుడే తెలిసెను. 1303లో బంగాళము త్రోవను ఓరుగల్లు మీదికి సేనను పంపెను. ఆ సేన ఉప్పరపల్లి వద్ద రేచర్ల నాయకుల చేతిలో ఓడిపోయెనని వెలుగోటి వారి వంశావళి చెప్పుచున్నది. ఆరేండ్లు ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధి దొరికెను.

1309 చివర మాలిక్ కాఫూరు బయలుదేరెను. దేవగిరి యాదవరాజు అప్పటికే లొంగిపోయి, తన పొరుగువాని మీదికి పోవుచున్న సేనకు తిండిగింజలు సమకూర్చెను. రేపు తన ఇంటికి కూడ అదే సేన వచ్చునని అతడు తలచలేదు. 1310 జనవరిలో కాఫూరు ఓరుగల్లు చేరెను. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, రెంటి చుట్టును కందకములు. ఢిల్లీవారి వద్ద పెద్ద రాళ్ళను విసరు యంత్రములును, గుఱ్ఱముల మీది నుండి బాణములు వేయు రౌతులును ఉండిరి. ఫిబ్రవరిలో మట్టికోట పడెను. ఊళ్ళ నుండి వచ్చి మట్టికోటలో తలదాచుకొనిన జనమంతయు రాతికోట లోనికి త్రోసుకొనిపోయెను.

అప్పుడు ప్రతాపరుద్రుడు సంధికి వచ్చెను. తన రూపముననే ఒక బంగారు బొమ్మ చేయించి, దాని మెడకు బంగారు గొలుసు వేయించి పంపెనని అమీర్ ఖుస్రో వ్రాసెను. తాను దాసుడనని చెప్పుటకు అంతకంటె స్పష్టమైన మార్గము లేదు. నూరు ఏనుగులు, ఏడు వేల గుఱ్ఱములు, వేయి ఒంటెలు మోయునంత ధనము పోయెనని ఆనాటి చరిత్రలవలన తెలియుచున్నది. మీదట ఏటేట కప్పము. కోహినూరు వజ్రము కూడ అప్పుడే పోయెనని చాలమంది చెప్పుదురు గాని ఆనాటి వ్రాతలలో ఆ పేరు లేదు. వజ్రము మాట విడిచిపెట్టుదము. ఏడు వేల గుఱ్ఱముల మాటే అసలు మాట.

రెండవ రాజుల గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో ఇట్టి రాజునే మనము చదివియున్నాము. యూదా రాజగు హిజ్కియా అష్షూరు రాజునకు మూడు వందల మణుగుల వెండియు, ముప్పది మణుగుల బంగారమును ఇయ్యవలసివచ్చి, మందిరపు తలుపులకున్న బంగారమును కూడ ఒలిపించెను. పుచ్చుకొనినవాడు ఊరకుండెనా? లాకీషు నుండి మరల పెద్ద సేననే యెరూషలేము మీదికి పంపెను.

ప్రతాపరుద్రుని తొందరపడి నిందింపవద్దని చదువరులకు మనవి. కోటలోపల ఆకలితో, భయముతో ఉన్న వేలమంది ప్రాణములు ఆ బంగారమువలన దక్కెను. రాజు చేయవలసిన పనులలో అదియు ఒకటి. ఆ ఒక్క దినమునకు అతడు చేసినది సరియేనని మేమును అందుము. అయినను ఇచ్చినదేమియో చూడవలెను. బంగారము పోయిన మరల కూడును, నాలుగు పంటలు పండిన కూడును. గుఱ్ఱము అట్టిది కాదు. మన దేశపు ఎండకు, మన మేతకు మంచి యుద్ధపు గుఱ్ఱము పెరుగదు. అరబ్బు దేశము నుండి ఓడలలో తెచ్చుకొనవలసినదే. ఏడు వేల గుఱ్ఱములనగా ఎన్ని ఓడలు, ఎన్ని ఏండ్లు! శత్రువును పంపివేయుటకు రాజు ఇచ్చినది శత్రువు మరల వచ్చినప్పుడు ఎదిరింపవలసిన ఆయుధమునే. పుచ్చుకొనినవాడు ఆ గుఱ్ఱములనే ఎక్కి రాగలడు. ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడెను? చెరువు క్రింది మడి దున్నువాని నెత్తిన, జొన్న చేను కాచువాని నెత్తిన. శాసనములు వానిని పేరు పెట్టి పిలువలేదు.

మా మట్టుకు ఆ బొరియ పడినది 1310లోనే. ఓడిపోయినందున కాదు, ఓడినవారు లేవవచ్చును. సొమ్మిచ్చి శత్రువును మరలించిన పిమ్మట రాజు దానినే శాంతియని నమ్మెను. ఉత్తరపు త్రోవలో కొత్త కోటలు లేవలేదు. పొరుగు రాజులతో పొత్తు కుదరలేదు. నెల్లూరి వైపు సామంతులు లెక్కచేయనందున అతని చూపు దక్షిణము మీదికి పోయెను. 1316లో అతని సేనాని ముప్పిడి నాయకుడు కంచి వరకు పోయి పట్టణమును పట్టి అక్కడ పాలకుని నిలిపెను. ఎంతో గొప్ప విజయము! రాజ్యము కాకతీయుల చరిత్రలో ఎన్నడును లేనంత దూరము ప్రాకెను. పటము చూచినవారు అదే వైభవకాలమని అందురు. ఇంటి ఉత్తరపు గోడకు పడిన గండిని అట్లే ఉంచి, దక్షిణమున కొత్త పందిరి వేసినట్లు మాకు తోచుచున్నది.

అదే 1316లో అల్లావుద్దీన్ చనిపోయెను. ఢిల్లీలో కలతలు పుట్టెను, కప్పము ఆగిపోయెను. 1318లో ఖుస్రో ఖాను వచ్చి మరల కోటను ముట్టడించెను. మరల ఏనుగులు, గుఱ్ఱములు, బంగారము. ఈ సారి సుల్తాను పేర గొడుగును, రాజవస్త్రమును ఇచ్చిరి. ప్రతాపరుద్రుడు కోటగోడ మీద నిలిచి ఢిల్లీ దిక్కునకు తలవంచి నమస్కరించెను. రుద్రమదేవి ఎత్తు పెంచి కట్టించిన గోడ అది.

1320లో తుగ్లకు వంశము వచ్చెను. ఓరుగల్లు నుండి కప్పము పోలేదు. 1321లో సుల్తాను కుమారుడు ఉలుగ్ ఖాను వచ్చెను. ఇతడే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లకు. ఈ సారి ప్రతాపరుద్రుడు గట్టిగా పోరాడెను. ఆరు నెలలు గడిచెను. కోటలో ఆకలి మొదలై, రాజు మరల సంధి మాట ఎత్తెను గాని ఉలుగ్ ఖాను అంగీకరింపలేదు. సరిగా అప్పుడే ఒక వింత జరిగెను. ఢిల్లీ నుండి తప్పక వచ్చుచుండిన టపా ఆగిపోయెను. సుల్తాను చనిపోయెనని ఉబేదు అను కవి పుకారు లేపెను. సేనాధిపతులు ఒకరినొకరు అనుమానించి, రాత్రికి రాత్రి తమ తమ దండులతో వెడలిపోయిరి. ఉలుగ్ ఖాను కొద్దిమందితో దేవగిరికి పారిపోవలసి వచ్చెను. కోటలోనివారు వెలుపలికి వచ్చి తరిమి కొట్టిరి.

ఎలీషా దినములలో షోమ్రోను ముట్టడి మీకు జ్ఞాపకమున్నది గదా. గుఱ్ఱముల చప్పుడు, రథముల చప్పుడు వినబడినదని సిరియనులు గుడారములు విడిచి పారిపోయిరి. నలుగురు కుష్ఠరోగులు పోయి చూడగా దండు ఖాళీ. ఓరుగల్లు జనులు కూడ ఆ ఉదయము గోడ మీది నుండి అట్టి ఖాళీ దండునే చూచియుందురు. వారి సంతోషమును మనము తప్పు పట్టలేము.

తరువాత చేసినదానిని మాత్రము తప్పు పట్టక తీరదు. శత్రువు ఇక రాడని తలచి రాజు కోటలో నిలువయున్న ధాన్యమును అమ్మించెను, విందులు చేయించెను. నాయకులు తమ ఊళ్ళకు, కాపులు తమ సేద్యమునకు మరలిపోయిరి. ఇది ఆ కాలమునకు దగ్గరివాడగు ఇసామి వ్రాసిన చరిత్ర వలన తెలియుచున్నది. మన పాలమూరు జొన్న పాతరల సంగతి తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క మంచి వాన పడెనని పాతర తీసి పెండ్లికి వండినవాడు రెండవ కార్తెలో వాన మొగము చాటువేసినప్పుడు ఏమి తినును? శత్రువు ఓడిపోయి పోలేదు, ఒక పుకారు విని పోయెను. పుకారు అబద్ధమని తేలిన దినము అతడు వచ్చునని ఎవరైన తెలిసికొనవచ్చును. కొలువులో ఆ మాట చెప్పినవాడు లేడో, చెప్పినను వినలేదో.

కొద్ది నెలలకే అతడు వచ్చెను. ఢిల్లీ నుండి కొత్త దళములు దేవగిరి చేరెను. ఈ సారి ఉలుగ్ ఖాను త్రోవలోని బీదరును, బోధనును ముందుగా పట్టుకొని, ఢిల్లీ వరకు టపా త్రోవ తెగకుండ కావలి పెట్టి మరీ వచ్చెను. అతడు మొదటి సారి పడిన చోటును చక్కదిద్దుకొనెను. గెలిచినవారు అట్లు చేయలేదు. 1323లో అయిదు నెలలు కోట నిలిచెను. లోపల గింజలు లేవు. చివరకు ప్రతాపరుద్రుడు తలుపులు తెరిపించి కుటుంబముతో లొంగిపోయెను. సేనలు పట్టణమును దోచుకొనెను. స్వయంభూ శివాలయము కూలగొట్టబడెను. దాని నాలుగు తోరణములు నేటికిని నిలిచియున్నవి. ఓరుగల్లునకు సుల్తాన్‌పురమని పేరు పెట్టిరి.

వెలమలకు రెడ్లకు పడనందున ఓరుగల్లు పడెనని ఒక వాడుక మన ఊళ్ళలో ఉన్నది. ఒక కులమువారు ఇంకొక కులమువారిని ఎత్తిపొడుచుటకు ఈ కథ బాగుగా పనికివచ్చును, అందుకే బ్రదికియున్నది. మేము దీనిని నమ్మము. ఇది చెప్పు గ్రంథములు రెండు వందల ఏండ్లకు తరువాత వ్రాయబడినవి. అయిదు నెలలు గింజలు లేక నిలిచిన కోట లోపలి కలహముచేత పడినదనుట న్యాయము కాదు. మతముచేత పడెననువారి మాటయు అంతే. దేవగిరివారు హిందువులే, తిండిగింజలు పంపినదియు వారే.

రాజును, అతని ఇంటివారిని సేన కాపలాతో ఢిల్లీకి నడిపించిరి. అతడు ఢిల్లీ చేరలేదు. ఆ తరువాత కొద్ది ఏండ్లకే ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనము, అతడు నర్మదానది ఒడ్డున ప్రాణము విడిచెనని చెప్పుచున్నది. సరిగా నూరేండ్లకు, 1423లో, రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనము అతడు తన ఇచ్ఛచేతనే పోయెనని చెప్పుచున్నది. 1310లో తన బొమ్మ మెడకు గొలుసు వేయించి పంపిన రాజు, పదమూడేండ్లకు ఆ గొలుసు తన మెడకే వచ్చినప్పుడు నర్మద దాటలేకపోయెను. అంతకు మించి ఆ ఒడ్డున జరిగినదానిలోనికి తొంగిచూచుటకు మాకు మనసొప్పలేదు.

అతనితో బందీగా పోయినవారిలో గన్నయ యను అధికారి ఒకడు. రాజు త్రోవలో పోయెను గాని గన్నయ ఢిల్లీ చేరి, ఇస్లాము పుచ్చుకొని, మక్బూలు అను పేరు పొందెను. ఫిరోజ్ షా తుగ్లకు కాలమున ఆ సామ్రాజ్యమంతటికి ప్రధానమంత్రి అయ్యెను. చదువను వ్రాయను రానివాడైనను బుద్ధిలో గొప్పవాడని అక్కడి చరిత్రకారుడు వ్రాసెను. ఢిల్లీలో నిజాముద్దీను వద్ద ఎనిమిది మూలల సమాధిలో అతడు నిద్రించుచున్నాడు. ఖాన్-ఎ-జహాన్ తిలంగాణీ అని దానికి పేరు. ఇట్టి మనిషి ఓరుగల్లులో ఉండియే, పాతరలు ఖాళీ అగుచుండగా ఏమనుకొనెనో!

ఇక్కడ మిగిలిన జనుల సంగతి విలస శాసనములోనే ఉన్నది. రైతులు పండించినది రైతులకు దక్కలేదట. నాయకులు ఊరకుండలేదు. ప్రోలయ వెనుక వచ్చిన కాపయ నాయకుడు డెబ్బది అయిదుగురు నాయకులను కూర్చుకొని 1336 ప్రాంతమున ఓరుగల్లును మరల పట్టెను. కలియగలరని అట్లు చూపిరి. రాజు ఉన్నప్పుడు అందరిని కూడగట్టి ఉత్తరపు త్రోవలో నిలిపియుండిన ఎట్లుండెడిదో. ఆ పొత్తును ఎక్కువ కాలము నిలువలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని రాచకొండలో ఒకరు, దేవరకొండలో ఒకరుగా రేచర్ల నాయకులు తమ తమ కోటలు కట్టుకొనిరి. 1368 ప్రాంతమున భీమవరము వద్ద రాచకొండ అనపోత నాయకునితో పోరులో కాపయ పడిపోయెను. ఓరుగల్లు రాచకొండవారి చేతికి వచ్చెను.